పన్నెండు పాయింట్ల కోడలు

కళ్ళజోళ్ళ కొట్లో కళ్ళు పరీక్ష చేసే మనిషికే దగ్గరి చూపు ఆనడం లేదంటే నవ్వు రాదూ? నవ్వండి, ఫర్వాలేదు. ఈ కోడలు కూడా ఆ విషయంలో తనని తాను బోలెడుసార్లు వెక్కిరించుకుంది. కాకపోతే చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు.

నలభై నాలుగేళ్ళ మనిషి. పంతొమ్మిదేళ్ళుగా అదే కొట్టు, వెనకవైపు అదే చీకటి గది, అదే ఎత్తు కుర్చీ. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా? ఇదా?" అని అడగడం ఆమె పని. నలభై దాటినవాళ్ళకి చదువుకోవడానికి కళ్ళద్దాలు కావాలని చెబితే కొందరు మొహం ముడుచుకుంటారు. "అయ్యో, ఇందులో సిగ్గేముందండీ? అందరికీ వచ్చేదే!" అని కోడలు నవ్వుతూ సర్దిచెబుతుంది. అలా చెప్పి, వాళ్ళ నంబరు రాసిన చీటీని తను చదవడానికి చెయ్యి బారుగా చాచి పట్టుకుంటుంది. చెయ్యి ఇంకో జానెడు పొడుగుంటే ఇంకో అయిదేళ్ళు గడిచిపోతాయని ఆమె ధీమా. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా?

ఇక అత్తగారు. ఆవిడ తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ముప్ఫై ఏళ్ళపాటు ఇత్తడి తూనికరాళ్ళ పెట్టె పట్టుకుని కొట్టు కొట్టూ తిరిగి త్రాసులు పరీక్షించింది. అరగ్రాము తేడా వచ్చినా వదిలిపెట్టేది కాదట. ఆ అలవాటు ఉద్యోగంతో పోలేదు, నాలుక మీద ఉండిపోయింది. "కూర ఎలా ఉందత్తయ్యా?" అంటే "తినొచ్చు" అనేది. "కొత్త కర్టెన్లు బాగున్నాయా?" అంటే "ఎండ ఆపుతాయి" అనేది. ఉన్నదానికన్నా తక్కువ చెప్పదు, అలాగని గోరంత ఎక్కువ కూడా వెయ్యదు.

వాళ్ళిద్దరికీ గొడవలున్నాయనుకునేరు. ఒక్కటి కూడా లేదు. గొడవలుంటే బాగుండేది, కనీసం నాలుగు మాటలైనా నడిచేవి. పద్నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఉప్పు అందుకోవడానికీ తలుపు వేశావా అని అడగడానికీ సరిపడా మాటలతో కాపురం సాగిపోయింది. పెళ్ళినాడు కొడుకు ఈ అమ్మాయే కావాలన్నాడు, అత్తగారు ఒప్పుకుంది. ఆ 'ఒప్పుకుంది' అన్న మాట కోడలి మనసులో ముల్లులా ఉండిపోయింది. కావాలనుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆవిడ తనంతట తాను నన్ను ఎంచుకుంటే చాలు అనుకునేది. అనుకుని, 'ఈ వయసులో ఇదేం పిచ్చే నీకు, బడిపిల్లలా' అని మళ్ళీ తనే తిట్టుకునేది.

అత్తగారికున్న ఒకే ఒక్క సరదా బ్రిడ్జి ఆట. ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి గ్రంథాలయం మేడ మీది హాల్లో ఎనిమిది బల్లలు వేసేవారు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడకి జతగా ఆడిన లైబ్రేరియనమ్మ, చెల్లెలి దగ్గర ఉంటానని వేరే ఊరు వెళ్ళిపోయింది. తర్వాత నాలుగు శనివారాలు అత్తగారు ఇంట్లోనే కూర్చుని నలుగురి ముక్కలూ తనే పంచుకుని, తనే ఆడుకుంది. అది చూడలేక కొడుకు, "అమ్మా, పేకాటేగా! నీ కోడలు ఆడుతుందిలే" అనేసి, భార్య కళ్ళలోకి చూడకుండా స్నానానికి పారిపోయాడు.

అత్తగారు కోడల్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"పది శనివారాలు చూద్దాం. ఏడాదికోసారి జంటల పోటీ ఉంటుంది. పదో శనివారం అయ్యాక ఫారం ఇవ్వాలి. నీతో ఆడాలో లేదో అప్పుడు చెబుతాను. నీటిపంపుల ఇంజినీరు కూడా తనతో ఆడమని అడుగుతున్నాడు."

"నాకేముందత్తయ్యా, సరదాకేగా" అంది కోడలు, అదేదో పట్టనట్టు. ఆ రాత్రి మాత్రం దుప్పటి కింద వేళ్ళు మడిచి పది శనివారాలు లెక్కపెట్టుకుంది.

పాఠాలు భోజనాల బల్ల మీద మొదలయ్యాయి. నలుగురు కూర్చుంటారు, ఎదురెదురుగా ఉన్నవాళ్ళు ఒక జట్టు. తలా పదమూడు ముక్కలు. ఆడేముందు వేలంపాటలా ఒకరి తర్వాత ఒకరు, ఇన్ని ట్రిక్కులు, అంటే నలుగురూ తలో ముక్క వేసే చుట్లు, గెలుస్తామని పాడాలి. నోటితో కాదు, పాట రాసి ఉన్న కార్డు తీసి బల్ల మీద పెట్టాలి. పెట్టాక వెనక్కి తీసుకోవడం కుదరదు. చేతిలో బలం ఎంతుందో తెలియడానికి ఆసుకు నాలుగు పాయింట్లు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి.

ఇక్కడే కోడలి అసలు జబ్బు బయటపడింది. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, తన చేతికి వచ్చిన ముక్కలు ఆమెకు మహా ముద్దు. కళావర్లు అయిదు వరసగా వస్తే అందంగా ఉన్నాయని ఒక పాయింటు కలిపేది. మొన్న ఇలాంటి చేతితోనే గెలిచామని ఇంకోటి కలిపేది.

"ఎన్ని?" అనేది అత్తగారు.

"పదకొండత్తయ్యా."

అత్తగారు ముక్కలు తీసుకుని బల్ల మీద పరిచేది. "నీ చేతిలో ఉన్నవి ఏడు. మిగతా నాలుగూ నీ మనసులో ఉన్నాయి. మనసులో ఉన్నవాటితో ట్రిక్కులు రావు."

'నిజమే, మనసులో పాయింట్లతో ఏదైనా వచ్చేదైతే ఈ ఇంట్లో ఈపాటికి నేను మహారాణిని' అనుకునేది కోడలు.

మూడో వారం అత్తగారు ముఖ్యమైన పాఠం చెప్పింది. "నేను ఒక ఇస్పేటు అన్నాననుకో. దానికి నువ్వు రెండు కళావర్లు అంటే అది మామూలు పాట కాదు, మాట. నా దగ్గర పన్నెండు పాయింట్లకి తక్కువ లేవు, గేమ్ చేరేదాకా ఇద్దరిలో ఎవరమూ ఆపం అని. గేమ్ అంటే ఇస్పేట్లలో నాలుగు. పాడినదానికి ఎప్పుడూ ఆరు కలపాలి, అంటే పది ట్రిక్కులు."

"మధ్యలో కష్టమనిపిస్తే?"

"అనిపించనీ. నువ్వు ఆపవన్న నమ్మకంతోనే కదా నేను తొందరపడకుండా నా చెయ్యేమిటో నిదానంగా చెప్పేది? మధ్యలో నన్నొదిలేసి నువ్వు 'పాస్' అని కూర్చుంటే ఇంక ఆ మాటకి విలువేముంది?"

కోడలు బుద్ధిగా తలూపింది.

"ఇంకోటి. నువ్వు పాడినదానికి అర్థమేమిటని ఎదుటివాళ్ళు నన్ను అడగొచ్చు. నేను దాచకుండా చెప్పాలి, అది రూలు. కానీ నేను చెప్పేది నువ్వు వినకూడదు."

"ఎదురుగా కూర్చుని వినకుండా ఎలా ఉంటానత్తయ్యా?"

"చెవిన పడినా విననట్టే ఆడాలి. నా మాటలు విని నీ పాట మార్చుకుంటే అది మోసం."

విననట్టుండడం కోడలికి కొత్త విద్యేమీ కాదు. ఆ ఒక్క రూలూ మొదటిసారికే వచ్చేసింది.

తొమ్మిది శనివారాలు గడిచాయి. మొదటి వారం పదహారు జంటల్లో పదహారో స్థానం. ఆ రోజు కోడలు ఒక ముక్క ఒళ్ళో పడేసుకుని పన్నెండింటితోనే ఆడింది, పదమూడోది కుర్చీలోంచి లేచినప్పుడు బయటపడింది. నాలుగో వారం పదకొండు, ఏడో వారం ఆరు, తొమ్మిదో వారం రెండు. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ అత్తగారు ముందుకు చూస్తూనే "ఆడొచ్చు" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని కోడలు వారమంతా కొట్లో కూనిరాగాలు తీసింది.

పదో శనివారం రానే వచ్చింది. చివరి పంపకానికి వచ్చేసరికి వీళ్ళే మొదటి స్థానంలో ఉన్నారు. గోడ మీది కాగితంలో ఆ సంగతి కోడలు దూరం నుంచి స్పష్టంగా చదివింది. దూరం చూపు ఎప్పుడూ దివ్యంగానే ఉంటుంది మరి. చివరి పంపకంలో ఎదుటి జట్టు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ నీటిపంపుల ఇంజినీరు, ఆయనకి జతగా హోమియో డాక్టరు. ఇంజినీరు కోడలికి ఎడమవైపు కూర్చున్నాడు. పైనున్న ట్యూబులైటు గుయ్యిమంటూ కొట్టుకుంటోంది.

కోడలు ముక్కలు విప్పింది. కళావర్లలో ఆసు, రాణి, జాకీ, ఇంకో రెండు: ఏడు పాయింట్లు. ఇస్పేట్లలో రాణి, ఇంకో రెండు: తొమ్మిది. ఆఠీన్లలో రాజు, ఏడు: పన్నెండు. డైమన్లలో మూడు చిల్లర ముక్కలు. ఈసారి అందానికీ ఆశకీ ఏమీ కలపలేదు. రెండుసార్లు లెక్కపెట్టింది. నికార్సుగా పన్నెండు.

అత్తగారు ఒక ఇస్పేటు కార్డు పెట్టింది. డాక్టరు పాస్. కోడలు రెండు కళావర్ల కార్డు తీసి బల్ల మీద పెట్టింది. అత్తగారు రూలు ప్రకారం బల్ల తట్టి "అలర్ట్" అంది. అంటే ఈ పాటకి ప్రత్యేకమైన అర్థం ఉందని ఎదుటివాళ్ళకి చెప్పడం.

"దీనర్థం ఏమిటి మేడమ్?" అన్నాడు ఇంజినీరు.

"పన్నెండుకి తక్కువ ఉండవు. గేమ్ దాకా ఇద్దరం ఆపం."

ఇంజినీరు కోడలి వంక చూసి చిన్నగా నవ్వాడు. "కొత్తవారు కదా! ఉంటాయంటారా?"

అలా అడక్కూడదు నిజానికి. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఆయన మొహంలోకి చూసింది.

"మా కోడలు తూచి చెబుతుంది. ఉన్నాయందంటే ఉంటాయి."

పద్నాలుగేళ్ళు! పద్నాలుగేళ్ళ తర్వాత వచ్చిన మొదటి మెచ్చుకోలు, అదీ నలుగురిలో, అదీ వినకూడని చోట వచ్చింది. విననట్టు మొహం పెడదామంటే కళ్ళు ఊరుకోలేదు, ఇట్టే నిండిపోయాయి. అది ఎవరికీ కనపడకూడదని కోడలు ముక్కలున్న చేతిని పక్కకి బారుగా చాచి, రెండో చేత్తో ముక్కు తుడుచుకుంటున్నట్టు కళ్ళు ఒత్తుకుంది. తుడిచిన కళ్ళతో, అంత దూరాన ఉన్న ముక్కల్ని చూసింది.

ఆఠీన్ రాజు రాజు కాదు. జాకీ.

మూడు కాదు, ఒకటి. పన్నెండు కాదు, పది. కళ్ళు పరీక్ష చేసే మహాతల్లీ, కళ్ళద్దాలకి సిగ్గేముందండీ అని ఊరందరికీ చెప్పే మహాతల్లీ, అయిందా పెళ్ళి? ఆవిడ తన జన్మలో ఒక్కసారి నీ తూకానికి పూచీ పడితే, సరిగ్గా అప్పుడే నువ్వు దొంగ తూకం వేశావు కదే!

ఇంజినీరు పాస్. అత్తగారు తాపీగా రెండు ఇస్పేట్లు పెట్టింది. చెయ్యి మామూలుగానే ఉంది, పొడుగాటి ఇస్పేట్లు ఉన్నాయి, తొందరేముంది అని దానర్థం. తర్వాత డాక్టరు పాస్. అందరూ కోడలి కోసం చూస్తున్నారు.

ఇక్కడ ఆపేస్తే హాయి. రెండు ఇస్పేట్లంటే ఎనిమిది ట్రిక్కులు, అవి ఖాయంగా వస్తాయి. పాస్ అంటే మొదటి స్థానం దక్కుతుంది, రూలు ప్రకారం తప్పేమీ లేదు. నాలుగు దాకా వెళితే తూకం తక్కువ, మునగడం దాదాపు ఖాయం. మునిగితే స్థానం పోతుంది, పదో శనివారం పోతుంది, ఆవిడ ఇంజినీరుతో ఆడుకుంటుంది. కోడలి వేళ్ళు పాస్ కార్డు దాకా వెళ్ళాయి. కానీ ఎదురుగా అత్తగారు, తన చేతిలో ఇంకా ఏమేం చెప్పాలో ఆలోచించుకుంటూ నిశ్చింతగా కూర్చుని ఉంది. గేమ్ దాకా ఇద్దరం ఆపం. పన్నెండున్నాయన్న మాట ఎలాగూ అబద్ధమైపోయింది. ఆపనన్న మాట ఇంకా చేతిలోనే ఉంది.

కోడలు నాలుగు ఇస్పేట్ల కార్డు పెట్టింది. మిగతావాళ్ళు పాస్ అన్నారు.

ఆడేది అత్తగారు. కోడలు డమ్మీ. అంటే తన ముక్కలన్నీ బల్ల మీద బోర్లించకుండా పరిచేసి, నోరెత్తకుండా కూర్చోవడం. డాక్టరు చిన్న ఆఠీను వేశాడు. కోడలు ముక్కలు పరిచింది, ఆఠీన్లు చివర్లో పెట్టింది. జాకీ, ఏడు. అత్తగారి చూపు ఆ జాకీ మీద ఒక్క క్షణం ఆగింది. డమ్మీ ముక్కలు పరిచాక అవి ఎలా ఉన్నా జతగాళ్ళకి కృతజ్ఞత చెప్పడం ఈ ఆటలో మర్యాద.

"థాంక్యూ, పార్ట్‌నర్" అంది అత్తగారు. గొంతులో అరగ్రాము తేడా లేదు.

కోడలు తన దగ్గర ఉన్నాడనుకున్న ఆఠీన్ రాజు ఇంజినీరు చేతిలోంచి దిగాడు. వెనకే ఆసు. ఆ తర్వాత డైమన్లలో రెండు. నాలుగు ట్రిక్కులు పోయాయి, మిగిలిన తొమ్మిదీ అత్తగారు ఒక్కటి కూడా జారనివ్వకుండా తీసింది. పదికి ఒకటి తక్కువ. ఆ రాజే ఉంటే సరిగ్గా పది అయ్యేవి. ఒకే పంపకం అన్ని బల్లలకీ తిరుగుతుంది కాబట్టి, మిగతా ఏడు బల్లల దగ్గరా అవే ముక్కల్ని కళ్ళతో చూసినవాళ్ళు రెండు దగ్గరో మూడు దగ్గరో ఆపి హాయిగా గెలిచారు. వీళ్ళు మొదటి స్థానం నుంచి నాలుగుకి జారారు. మొదటి స్థానం ఇంజినీరుది.

"సోమవారం ఫారం ఇవ్వాలి మేడమ్" అన్నాడాయన మెట్ల దగ్గర, కోడలు అక్కడ లేనట్టే. "నా భాగం నింపి ఉంచమంటారా?"

"చెబుతాను" అంది అత్తగారు.

ఇంటికి నడిచేటప్పుడు మూడో వీధి మలుపులో కోడలు ఉండబట్టలేక, "జాకీని రాజనుకున్నానత్తయ్యా" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు రెండు ఇస్పేట్లు అనకముందే."

"ఊఁ" అంది అత్తగారు. గుమ్మంలో ఎదురైన మొగుడు ఉత్సాహంగా "ఎవరు గెలిచారు?" అని అడిగి, భార్య మొహం చూసి, తనకేదో పనున్నట్టు లోపలికి పోయాడు. ఆ ఆదివారమంతా కోడలికి అన్నం సయించలేదు. పది శనివారాలు కష్టపడి పదో శనివారం చివరి పంపకంలో తన నెత్తిన తనే చెయ్యి పెట్టుకుంది, ఇంకెవర్ని అంటుంది?

సోమవారం పదకొండింటికి కొట్టు తలుపు గంట మోగింది. అత్తగారు. చేతిలో సంచీ. తిన్నగా వెనక చీకటి గదిలోకి వచ్చేసింది.

"రండత్తయ్యా, కూర్చోండి. జోడు వదులైందా?"

"నాకు కాదు. నువ్వు కూర్చో."

పంతొమ్మిదేళ్ళలో కోడలు ఆ ఎత్తు కుర్చీలో పరీక్షకి కూర్చోవడం అదే మొదలు. అత్తగారు పరీక్ష ఫ్రేము తీసి ఆమె ముక్కు మీద పెట్టి, అద్దాల పెట్టెలోంచి ఒక్కో జత తీసి బిగించింది. తన జోడు కోసం ఆవిడ ఎన్నిసార్లు ఆ కుర్చీలో కూర్చుందో, వరస అంతా కంఠస్థం.

"ఇది బాగుందా? ఇదా?"

"మొదటిది."

"ఇదా? ఇదా?"

"ఇది... ఇదత్తయ్యా."

అత్తగారు సంచీలోంచి ఒక కాగితం తీసి కోడలి మొహానికి జానెడు దూరంలో పట్టుకుంది. "చదువు."

అక్షరాలు చీమల్లా కాకుండా అక్షరాల్లాగే నిలబడ్డాయి. జంటల పోటీ. మొదటి గడిలో అత్తగారి సంతకం. రెండో గడి ఖాళీ.

"ఇంజినీరుగారు...?" అంది కోడలు.

"ఆయన బాగా ఆడతాడు. ఇరవై పాయింట్లున్నా గుండె జారితే మధ్యలో ఆపేస్తాడు. చాలా ఏళ్ళుగా చూస్తున్నాను."

"నా దగ్గర పదే ఉన్నాయత్తయ్యా."

"లెక్కపెట్టాను. పదే. తెలిసీ నన్ను వదిలిపెట్టి దిగిపోలేదు." ఆవిడ ఫ్రేములో ఎడమ అద్దాన్ని కొద్దిగా సర్దింది. "శనివారం నేను ఇంజినీరుకి చెప్పింది విన్నావా?"

కోడలు తల అడ్డంగా ఊపింది. "లేదత్తయ్యా. వినకూడదు కదా."

"ఒక్క మాట కూడా?"

"ఒక్క మాట కూడా వినలేదు." ఫ్రేము కింది నుంచి నీళ్ళు చెంపల మీదికి జారుతున్నాయి, ఆపడం ఆమె వల్ల కావడం లేదు.

"మంచిది" అంది అత్తగారు. "ఆట అయిపోయింది. ఇప్పుడు వినొచ్చు."

చీకటి గదిలో ఆవిడ రెండో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది, బ్రిడ్జి బల్ల దగ్గర కూర్చున్నట్టే. కూర్చుని, మొన్నటి మాటల్నే, ఒకటి ఎక్కువా తక్కువా లేకుండా మళ్ళీ చెప్పింది.

"మా కోడలు తూచి చెబుతుంది. ఉన్నాయందంటే ఉంటాయి."

తర్వాత కలం అందించింది. కోడలు సంతకం పెట్టింది. కొత్త అద్దాలు బాగానే ఉన్నాయి గానీ వాటి వెనక కళ్ళు నిండి ఉండడంతో సంతకం గడి దాటి కింది గీత మీదికి వాలిపోయింది.

అత్తగారు కాగితం వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసింది.

"చదవొచ్చు" అంది.